చెలక, చెలిమె, బోరు: దక్షిణ తెలంగాణ నేల నవలలోకి ఎలా వస్తుంది

దేవరకొండ పక్కన పుట్టి, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, మీ ఊరి మీద మూడు తరాల కుటుంబ కథగా తొలి నవల రాస్తున్నానని మీరు చెప్పారు. పుట్టిన ప్రాంతపు నేల, నీరు, గుట్టలు నవలాకారుడి రాతను ఏ మేరకు మలుస్తాయని, ప్రకృతిని కాపాడుకోవాలన్న విలువ ఆ నేలలోంచే పుడుతుందా, లేక రచయిత బయటి నుంచి తెచ్చి పెట్టాలా అని అడిగారు. అమ్రాబాద్ అడవి గురించి రాసిన అధ్యాయం, అందులోని మాస్టారు పాత్ర మూలంగా, ఉపన్యాసంలా తయారైందన్న బాధ కూడా మీ మాటల్లో ఉంది. నల్లగొండ, పాలమూరు కళాశాలల్లో తెలుగు చెబుతూ, ఈ ప్రాంతపు కొత్త రచయితల రాతప్రతులు చదువుతూ చాలా కాలం గడిపిన మనిషిగా నాకు తెలిసింది చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. దక్షిణ తెలంగాణలో నేలకు జరిగే హాని చాలా నెమ్మదిగా జరుగుతుంది. చెరువు ఒక్క ఏడాదిలో పూడిపోదు, భూగర్భ జలం ఒక్క వేసవిలో అడుగంటదు, ఫ్లోరైడు నీళ్లు తాగిన పిల్లవాడి వెన్ను ఒక్క రోజులో వంగదు. వార్త ఒక రోజును చూస్తుంది, కథానిక ఒక ఘటనను పట్టుకుంటుంది. ముప్పై నలభై ఏళ్ల పాటు సాగే నష్టం వెంట అదే నడకతో నడవగలిగే ప్రక్రియ నవల ఒక్కటే. మీరు మూడు తరాల కథ ఎత్తుకున్నారంటే, తెలిసో తెలియకో, ఈ నేలకు తగిన కొలత ఎంచుకున్నట్టే. ఆ కొలతను నమ్ముకుంటే విలువను విడిగా బోధించవలసిన అవసరం చాలా వరకు తప్పుతుంది.

ఇక ఈ నేల సంగతి. గద్వాల, అలంపురం వైపు, కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో రేగడి ఉంది కానీ, నల్లగొండ పడమటి మండలాల నుంచి కల్వకుర్తి, అచ్చంపేట దాకా ఎక్కువ భాగం గ్రానైటు రాతి మీద పలచగా పరుచుకున్న ఎర్రచెలకే, అంటే వాన మీద ఆధారపడే మెట్ట ఎర్రనేలే. కురిసిన వాన నిలవదు. ఒర్రెలు పట్టి, వాగుల్లో పడి వెళ్లిపోతుంది. కృష్ణ తెలంగాణలోకి అడుగుపెట్టేది ఉమ్మడి పాలమూరు జిల్లాలోనే అయినా, నది లోతున పారుతుంది, చెలకలు ఎత్తున ఉంటాయి. మన సాంఘిక చరిత్రలో సగం ఈ ఒక్క ఎత్తుపల్లాల సంగతిలోంచే బయటికి వస్తుంది. గొలుసుకట్టు చెరువులు, మోట బావులు, ఆముదం, జొన్న, సజ్జ పంటలు, గొర్రెల మందలు, గొంగళ్లు, చివరికి కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లే గుంపుమేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీలు, అందరూ ఆ లెక్కలోని వాళ్లే. ఇతరుల పొలాలకు కాలువలు తవ్విన మనిషి తన ఇంటికి తిరిగి వచ్చేసరికి వాకిట్లో తాగునీటికి బిందెల వరుస కనిపించడం ఈ జిల్లాలో కల్పన కాదు.

నేల నవలను మలుస్తుందని నేను అనేది ఈ అర్థంలోనే. పాత్ర ముందు ఏ దారులు ఉన్నాయో, ఏవి లేవో అది ముందే తేల్చి పెడుతుంది. కాలువ కింద పల్లెలో అన్నదమ్ములు విడిపోతే తగువు ఎకరాల మీద వస్తుంది. మన చెలకల్లో అదే తగువు బావిలో నాలుగణాల వాటా మీద, మోట ఏ రోజు ఎవరిదన్న వంతు మీద వస్తుంది. సూర్యోదయం, మోదుగు పూలు, గుట్ట మీద గుడి వర్ణించి ప్రాంతీయత వచ్చేసిందనుకునే రాతప్రతులు నేను ఎన్నో చూశాను. ఆ వర్ణన తీసేసినా కథ చెక్కుచెదరకుండా నిలబడితే, ఆ కథలో నేల లేనట్టే లెక్క.

తెలంగాణ నవల తొలి తరం నేలను ప్రధానంగా హక్కు ప్రశ్నగా చూసింది, అది సహజం. నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి నవలా రచనకు పూనుకున్న కాలం దొర, దేశ్‌ముఖ్, వెట్టి అన్న మాటల చుట్టూ తిరిగిన కాలం. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి ఈ జిల్లాయే గుండెకాయ. 1951 ఏప్రిల్‌లో వినోబా భావేకు తొలి భూదానం అందింది కూడా అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న పోచంపల్లిలో. ఈ భూమి ఎవరిదన్న ప్రశ్న అప్పుడు అత్యవసరం. ఆ ప్రశ్నకు దొరికిన జవాబు పూర్తి కాకముందే, ఈ భూమి మిగులుతుందా అన్న రెండో ప్రశ్న వచ్చి పక్కన నిలబడింది. మన ప్రాంతంలో పరిరక్షణ విలువ పక్షులను చూసే సరదాలోంచో, సెలవు రోజుల అడవి యాత్రలోంచో పుట్టలేదు, భూమి హక్కు ప్రశ్నకు కొనసాగింపుగా పుట్టింది. ఈ వరుస తెలిసిన రచయిత పులినీ మనిషినీ ఎదురెదురుగా నిలబెట్టి తీర్పు చెప్పే తొందరలో పడడు.

చెలిమెను చూడండి. వేసవిలో దుందుభి వాగు ఎండిపోయాక ఇసుకలో మోకాలి లోతు గుంట తవ్వుతారు. మొదట ఊరేది బురద నీరు. దాన్ని చిప్పతో తోడి పక్కన పారబోసి, అంచుల ఇసుక జారకుండా అరచేత్తో అదిమి, కాసేపు ఆగాలి. అడుగున తేట నీరు చేరుతుంది. బిందె నిండాలంటే చిప్ప చిప్పగా తీయాలి. తొందరపడి లోతుగా ముంచితే ఇసుక మళ్లీ లేచి, వెనక నిలబడ్డ మనిషి ఇంకాసేపు ఆగవలసి వస్తుంది. ఎంత తీయాలి, ఎప్పుడు ఆపాలి, పశువులకు ఎంత వదలాలి అన్న మర్యాద అక్కడ ఎవరూ చెప్పకుండానే పిల్లలకు అబ్బుతుంది. మన నేల మనకు ఇచ్చిన పరిరక్షణ విలువ ఇదే, కొరత నేర్పిన మితం. అయితే దాన్ని అందంగా మాత్రమే చూపిస్తే అబద్ధమవుతుంది. ఎవరిని ఎంత దూరం పోయి వేరే చెలిమె తవ్వుకొమ్మన్నారో చూస్తే కులం కూడా ఆ ఇసుకలోనే కనిపిస్తుంది. మితాన్ని నేర్పిన ఊరే అంటరానితనాన్నీ నేర్పింది. మీ నవల ఈ రెండింటినీ ఒకే వాగులో చూపించగలగాలి.

ఆ వాగులోకి తరువాత ట్రాక్టర్లు దిగాయి. ఇసుక నీటిని పట్టి ఉంచుతుంది, మెల్లగా కిందికి దించుతుంది, ఒడ్డున ఉన్న బావులకు ఊట ఇస్తుంది. అది పోతే వరద వచ్చిన వేగంతోనే పోతుంది, బావులు చలికాలంలోనే చేతులెత్తేస్తాయి. ఇసుక తోలినవాడు ఎక్కడి నుంచో వచ్చిన దుర్మార్గుడు అయితే రాయడం తేలిక. నిజానికి చాలా ఊళ్లలో అతను మనవాడే, పెట్టిన పంట రెండేళ్లు వరుసగా ఎండిపోయాక ఫైనాన్సులో ట్రాక్టరు తీసుకుని, కిస్తీ కట్టడానికి రాత్రిపూట వాగులోకి దిగిన మనిషి. అతన్ని పాఠకుడు ప్రేమించగలిగినప్పుడే వాగు పోయిన నష్టం పాఠకుడికి తెలుస్తుంది.

ఈ విషయంలో నాకు మార్గం చూపిన పుస్తకాలు రెండు, రెండూ తెలుగులో దొరికేవే. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవలను సూరంపూడి సీతారాం ‘వనవాసి’గా అనువదించారు. అందులో కథ చెప్పే సత్యచరణ్ అడవిని ప్రేమిస్తూనే, ఎస్టేటు మేనేజరుగా ఆ అడవిని ముక్కలు చేసి రైతులకు పట్టా ఇచ్చే పని చేస్తాడు. ప్రేమించిన చేతితోనే నరికించడం వల్ల ఆ నవలలో దుఃఖానికి అంత బరువు వచ్చింది. రెండోది శివరామ కారంత్ నవల, తిరుమల రామచంద్ర అనువదించిన ‘మరల సేద్యానికి’. కన్నడ తీరప్రాంతంలో సముద్రానికీ పొలానికీ మధ్య మూడు తరాలు పడిన పాట్లు తప్ప అందులో ప్రకృతి మీద ప్రవచనం కనిపించదు. ఆ నవల వచ్చింది 1941లో. అదే కారంత్ 1989లో, ఎనభై ఏడేళ్ల వయసులో, కైగా అణువిద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకిస్తూ లోక్‌సభ ఎన్నికల్లో నిలబడ్డారు. ఓడిపోయారు, కానీ ఆ వయసులో నిలబడ్డారు. ముందు నేలను జీవితాంతం శ్రద్ధగా రాశారు, ఆ తరువాత నేల పక్షాన నిలిచారు. ఈ క్రమం తలకిందులైతే, అంటే ముందు పక్షం తేల్చుకుని దానికి సరిపడే నేలను వెతుక్కుంటే, నవల పలచబడుతుంది.

మీ మూడు తరాల కథకు వెన్నెముక నీళ్లే కాగలవు. తాతది మోట బావి, తండ్రిది బోరు, మనవడిది నల్లా. మధ్య తరం మీదే ఎక్కువ పుటలు వెచ్చించమని నా సలహా, ఎందుకంటే నష్టమంతా అక్కడ జరిగింది. బత్తాయి తోట పెట్టిన రైతును తీసుకోండి. చెట్టు కాపుకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది, ఆ లోపు ఒక్క వేసవి నీళ్లు తప్పినా పెట్టిన కాలమంతా పోతుంది. అందుకని అప్పు చేసి బోరు వేయిస్తాడు. నీటి జాడ కనిపెట్టడానికి కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచిన మనిషి చూపించిన చోట రాత్రి బోరు తవ్వే రిగ్గు లారీ నిలబడుతుంది. తెల్లటి రాతిపొడి లేచి తోట ఆకుల మీద, చూస్తున్న వాళ్ల కనుబొమల మీద పడుతూ ఉంటుంది. డ్రైవరు అడుగుల లెక్క చెబుతుంటాడు, ఆ లెక్కతోపాటే కూలీ పెరుగుతూ ఉంటుంది. ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ పొడి ఎప్పుడు తడిసి ముద్దగా వస్తుందా అని గొట్టం మొదట్లోనే చూపు నిలిపి ఉంటుంది. ఆపుదామని ఎవరూ అనలేరు, ఎందుకంటే ఇంకో పది అడుగుల కింద జల ఉందేమో. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం కొత్త బోరుకు అనుమతి ఉండాలంది. ఈ రాత్రి ఆ చట్టం ఎవరికీ గుర్తు రాదు. నాలుగు బోర్లు ఎండి ఐదోది వేయించే రైతును అత్యాశపరుడని ఒక్క మాటలో కొట్టిపారేసే రచయిత ఈ ప్రాంతానికి న్యాయం చేయలేడు.

ఆ నీటితోపాటు పైకి వచ్చింది ఫ్లోరైడు. గ్రానైటులోని ఖనిజాల నుంచి అది నీటిలోకి కరుగుతుంది. రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీటిలో, వాన తక్కువై ఊట కొత్తబడని చోట, దాని మోతాదు పెరుగుతుంది. నల్లగొండలో ఈ జబ్బును 1940లలోనే గుర్తించారు, కాబట్టి బోర్లే దాన్ని సృష్టించాయనలేం. లోతైన బోరు తాగునీటికి ఆధారమైన తరువాత అది ఇల్లిల్లూ చేరింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్లలో పెరిగిన వాళ్లకు ప్రమాణం చెప్పనక్కరలేదు, పళ్ల మీది గోధుమరంగు చారలతోనే అది వాళ్లకు తెలుసు. పేరు పెట్టి పిలిస్తే తల ఒక్కటీ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసే నడివయసు మనిషిని మీరూ చూసే ఉంటారు. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టారు. దాన్ని రూపొందించింది నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి). ఇప్పుడు ఇంటింటికీ తాగునీరిచ్చే సర్కారు పథకం మిషన్ భగీరథ నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నాయి, పిల్లల పళ్లు మారుతున్నాయి. వంగిన ఎముక మాత్రం తిరిగి నిటారుగా కాదు. ఒకే ఇంట్లో, ఒకే నల్లా కింద, తెల్లటి పళ్ల మనవరాలూ తల ఎత్తలేని నాయనమ్మా కూర్చుని ఉన్న దృశ్యం రాయగలిగితే, ఒక ప్రాంతపు నీటి చరిత్ర అంతా అందులో ఉంటుంది.

ఇక మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న అడవి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం సుమారు 2,600 చదరపు కిలోమీటర్లు. నల్లమలలో తెలంగాణకు వచ్చిన భాగం, అచ్చంపేట నుంచి దేవరకొండ వైపు దాకా పరుచుకుని ఉంది. అది మనుషులు లేని అడవి ఎప్పుడూ కాదు. చెంచుల చిన్న ఊళ్లయిన పెంటలు, పొడ తూర్పు జాతి పశువులను మేపుకునే లంబాడా తండాలు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగే జనం, అందరూ అక్కడి వాళ్లే. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమి చెంచుల మీద పుస్తకం తెచ్చింది 1943లో. ఆ తరువాత ఇదే అడవి పులుల కోసం రక్షితమైంది. అడవి నడిమి కోర్ ప్రాంతం నుంచి స్వచ్ఛందంగా తరలి వెళ్తే కుటుంబానికి పది లక్షలని, తరువాత పదిహేను లక్షలని పరిహారం నిర్ణయించారు. 2006 అటవీ హక్కుల చట్టం ఉండమంటుంది, పరిహారపు కాగితం వెళ్లొచ్చునంటుంది. పులిని కాపాడాలన్నది నా గట్టి నమ్మకం. పెంటను ఖాళీ చేయించకుండా కాపాడే దారి వెతకాలన్నదీ అంతే గట్టి నమ్మకం. ఈ రెంటి మధ్య నలిగే మనిషి నవలకు కావాలి. ఏదో ఒకదాన్ని ఎంచుకుని ఊరట చెందిన మనిషితో నవలకు పని తక్కువ.

2019లో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా నల్లమల కదిలినప్పుడు గమనించదగ్గ సంగతి ఒకటి జరిగింది. పులిని ఎన్నడూ చూడని వాళ్లు, అచ్చంపేట దాటి అడవిలోకి అడుగుపెట్టని వాళ్లు కూడా రోడ్డెక్కారు. అడవి కింద కృష్ణ ఉంది, కృష్ణ నీళ్లే నల్లగొండకూ హైదరాబాదుకూ తాగునీరు, తవ్వితే ఆ నీటికి ఏమవుతుందన్న భయం అందరినీ ఒక్కటి చేసింది. అంతకు ముందు, 2000ల తొలినాళ్లలో, నాగార్జునసాగర్ జలాశయం పక్కన లంబాపూర్, పెద్దగట్టు గనుల ప్రతిపాదన మీద కూడా ఇదే భయం లేచింది. 2019 సెప్టెంబరులో శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. మన దగ్గర పరిరక్షణ విలువ మనిషిని చేరే దారి నీళ్ల గుండా పోతుందని అప్పుడు మరింత స్పష్టమైంది. నాగర్‌కర్నూలు జిల్లా నుంచి వచ్చిన గోరటి వెంకన్న పాటల్లో వాగూ పిట్టా మనిషితో సరిసమానంగా నిలబడటం ఇక్కడి జనానికి వింతగా తోచకపోవడం వెనక ఉన్నదీ అదే అనుకుంటాను.

కానీ నీళ్ల దారి ఎప్పుడూ అడవికి మేలు వైపే నడవదు, మీ నవలకు అసలు పరీక్ష అక్కడే ఉంది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లగొండ ఫ్లోరైడు ప్రాంతానికి కృష్ణ నీళ్లు తేవడానికి తలపెట్టిన ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం దాదాపు 44 కిలోమీటర్ల పొడవున ఇదే అభయారణ్యం కింద నుంచి పోతుంది. పైన పులుల అడవి కాబట్టి మధ్యలో ఎక్కడా పైనుంచి దారి తవ్వే వీలు లేక, రెండు కొసల నుంచే తొలుచుకుంటూ పోవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆ సొరంగం కూలి ఎనిమిది మంది చనిపోయారు. పొట్టకూటికి దూర రాష్ట్రాల నుంచి వచ్చిన వాళ్లు. పైన అడవికి దెబ్బ తగలకూడదన్న నియమం సరైనదే, కింద నల్లగొండకు నీళ్లు కావాలన్న కోరిక సరైనదే, మధ్యలో ప్రాణాలు పోయాయి. ఒకప్పుడు మన పాలమూరు కూలీలు పరాయి నేల మీద ఎలా ఉన్నారో, ఇప్పుడు వాళ్లు మన నేల మీద అలా ఉన్నారు. ఇంత పెద్ద విషయం మీ కథాస్థలానికి ఇంత దగ్గరలో ఉండగా, మాస్టారి చేత అడవి గొప్పతనం చెప్పించవలసిన అవసరం ఏముంది?

శ్రీశైలం ముంపు గురించి కూడా రాయాలా అని అడిగారు. మీ కుటుంబానికి కృష్ణ ఒడ్డు ఊళ్లతో బంధుత్వం ఉంటే రాయండి, లేకపోతే వదిలేయండి. ముంపులో పడ్డ గుడులను రాయి రాయి విప్పి సోమశిలలో, అలంపురంలో ఎత్తైన చోట తిరిగి కట్టారు. ఊళ్లను అలా కట్టలేదు. ఆ ఒక్క సంగతికే వేరే నవల కావాలి. మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి కూడా అంతే, 2018లో చెదలు పట్టిన ఆ చెట్టుకు సెలైను సీసాలతో మందు ఎక్కించిన సంగతి ఆకట్టుకుంటుంది కానీ, మీ ఊరికి దానితో పని లేదు. ప్రసిద్ధ స్థలాలను వరుసగా తిప్పి చూపిస్తే నవల యాత్రా మార్గదర్శిలా తయారవుతుంది.

చేయవలసిన పనులు కొన్ని చెబుతాను. మండల కార్యాలయంలో మీ ఊరి నక్షా, పాత పహాణీలు తీయించి, చెరువు శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే నేల, ఏ సర్వే నంబర్ల దాకా ఉండేదో, ఇప్పుడు అక్కడ ఏముందో చూసుకోండి. చెరువు నీళ్లు వదిలి పొలాలకు పంచే నీరటి పని చేసిన కుటుంబం ఊళ్లో ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గర తీరిగ్గా కూర్చోండి. తూము ఎప్పుడు ఎత్తేవారు, అలుగు చివరిసారి ఎప్పుడు దుంకింది, పూడిక మట్టి ఎవరి చెలకకు పోయేది, వాళ్లకు ముట్టే గింజలు ఎప్పుడు ఆగిపోయాయి అని అడగండి. ఏప్రిల్‌లో ఒకసారి, తొలకరి పడ్డాక ఒకసారి, బతుకమ్మకు తంగేడు, గునుగు కోయడానికి ఆడవాళ్లు ఎంత దూరం పోవలసి వస్తుందో చూడటానికి ఒకసారి ఊరికి వెళ్లండి. సర్కారు తుమ్మ అలుముకున్న చోట ఇదివరకు ఏ చెట్లు ఉండేవో మీ అమ్మగారినే అడగండి.

ఇక అమ్రాబాద్ అధ్యాయం. మాస్టారి ప్రసంగం మొత్తం తీసేయండి. మీ కథలో మూడో తరం చిన్నకొడుకు డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాడని చెప్పారు. అతన్ని సొరంగం పనిలో, శ్రీశైలం దగ్గర దోమలపెంట వైపు కొసన, నీరు తోడే పంపుల దగ్గర కూలీగా పెట్టండి. ఇంట్లో మెడ తిప్పలేని నాయనమ్మ ఉంది, కాబట్టి ఆ నీళ్లు నల్లగొండకు రావాలని అతను మనసారా కోరుకుంటాడు; దారిలో చెంచు పెంటలో తనతో అన్నం తిన్న స్నేహితుడు ఉన్నాడు, కాబట్టి పైన అడవి ఏమవుతుందో కూడా అతనికి పట్టింపు ఉంది. ఆ అధ్యాయాన్ని అతని కళ్లతో తిరిగి రాసి, తాత వాటా మోట బావి మూతబడిన ఏడాదీ, తండ్రి మొదటి బోరు వేసిన ఏడాదీ, వాగులో ఇసుక అయిపోయిన ఏడాదీ ఏవేవో ముందు అధ్యాయాల్లో స్పష్టంగా ఉన్నాయా లేదా అని ఒకసారి సరిచూసుకోండి. రెండో ప్రతి సిద్ధమయ్యాక పంపండి, చదువుతాను.